బెజవాడ బరిలోకి దిగాలంటే

క్రికెట్ గేమ్ ఏది తెరిచినా ముంబయి ఉంటుంది, చెన్నై ఉంటుంది, మెల్‌బోర్న్ ఉంటుంది. విజయవాడ ఉండదు. గుడివాడ, మచిలీపట్నం, తెనాలి ఊసే ఉండదు. పెద్ద కంపెనీ చేసే ఆటలో ఒక ఊరికి చోటు దొరకాలంటే ఆ ఊరి పేరుతో జట్టు ఉండాలి, ఆ జట్టుకు స్తోమత ఉన్న యజమాని ఉండాలి, ఆ యజమానికీ గేమ్ కంపెనీకీ మధ్య లైసెన్సు ఒప్పందం కుదరాలి. కృష్ణా తీరానికి ఆ యోగం ఇంకా పట్టలేదు.

అయినా గవర్నర్‌పేట పిల్లలు తెరమీద బెజవాడను ఆడిస్తూనే ఉన్నారు. కొన్ని ఆటల్లో మెనూ అడుగున ‘ఎడిట్ టీమ్’ అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే జట్టు పేరు మార్చుకోవచ్చు, జెర్సీ రంగు మార్చుకోవచ్చు, పదకొండుమంది పేర్లూ చెరిపేసి మనవాళ్ల పేర్లు రాసుకోవచ్చు. గేమ్‌ల మీద సమీక్షలు రాసేవాళ్లు దీన్ని చివర్లో ఒక్క వాక్యంతో దాటేస్తారు. మనలాంటి ఊళ్లకు మాత్రం అసలు ఆట అక్కడే మొదలవుతుంది. చిన్న బృందాలు, ఒక్కోసారి ఒకే ఒక్క మనిషి, ఏ పెద్ద సంస్థ అండా లేకుండా తయారుచేసే స్వతంత్ర గేమ్‌లకు ఈ మీట విలువ బాగా తెలుసు. లైసెన్సులు కొనే డబ్బు వాళ్లకు లేదు. లైసెన్సుల్లో చోటు మనకు లేదు. ఇద్దరి అవసరమూ ఆ మీట దగ్గర కలిసింది.

నోటు పుస్తకం వెనక పేజీ

కంప్యూటర్లు ఇళ్లలోకి రాకముందే ఈ విద్య మన పిల్లలకు తెలుసు. బుక్ క్రికెట్ ఆడనివాళ్లు ఆ తరంలో అరుదు. పుస్తకం తెరిస్తే వచ్చిన పేజీ నంబరులో చివరి అంకె పరుగులు, సున్నా వస్తే అవుట్. పేజీలు తిప్పడం కంటే ముందు జట్టు రాసుకోవడంలోనే సంబరం ఎక్కువ ఉండేది. నోటు పుస్తకం వెనక పేజీలో నిలువుగీత గీసి అటొక జట్టు, ఇటొక జట్టు. అజారుద్దీన్ కింద పక్కవీధిలో బాగా ఆడే అన్నయ్య పేరు, సచిన్ తర్వాత సొంత పేరు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరూ అడగరు. రోహిణి కార్తె ఎండకు గడప దాటనివ్వని మధ్యాహ్నాలు బెజవాడలో చాలామందికి ఇలాగే గడిచాయి.

2000 తర్వాత ఆ వెనక పేజీ కంప్యూటర్‌లోకి మారింది. ఏలూరు రోడ్డు, బీసెంట్ రోడ్డు, వాటి మధ్య సందుల్లో నెట్ సెంటర్లు, కంప్యూటర్ దుకాణాలు వెలిశాయి. 2006 నవంబరులో ఈఏ స్పోర్ట్స్ నుంచి ‘క్రికెట్ 07’ వచ్చింది. కెనడాలోని హెచ్‌బీ స్టూడియోస్ దాన్ని తయారుచేసింది. అసలు పేర్లు వాడుకునే హక్కు ప్రధానంగా ఇంగ్లండ్, ఆస్ట్రేలియా జట్లకే ఉండటంతో మనవాళ్లు మారుపేర్లతో మైదానంలోకి వచ్చేవాళ్లు. ఆట పెట్టుకున్న ప్రతి కుర్రాడూ ముందు ఆ పేర్లు సరిచేసుకున్నాకే టాస్ వేశాడు.

ఆ వరసలో ఈఏ నుంచి మరో ఆట రాలేదు. 2008లో ఐపీఎల్ మొదలైంది, గేమ్‌లో మాత్రం ఐపీఎల్ లేదు. ఆ లోటు పూరించింది అభిమానులే. జెర్సీలు గీశారు, బ్యాట్ల మీద స్టిక్కర్లు మార్చారు, స్కోరుబోర్డు తిరగరాశారు, కొత్త ఆటగాళ్ల ముఖాలు అతికించారు. వాటిని ప్యాచ్‌లు అన్నారు. సీడీల మీద, పెన్‌డ్రైవ్‌ల మీద అవి చేతులు మారాయి. కంపెనీ చేయి వదిలేసిన ఆటను ఆడేవాళ్లు పదిహేనేళ్లకు పైగా బతికించుకోవడం చిన్న విషయం కాదు. ఈ కుర్రాళ్లలో ఎవరికీ జీతం లేదు, పేరు లేదు. ఒక కంప్యూటర్ ఫైలును విప్పి చూడటం, బొమ్మను సరైన కొలతలోకి తేవడం, తప్పు జరిగితే వెనక్కి వెళ్లడం వీళ్లు నేర్చుకున్నది ఏ కోచింగ్ సెంటర్‌లోనూ కాదు, ధోనీ జెర్సీ రంగు సరిచేస్తూ.

మెల్‌బోర్న్‌లో రెండు కథలు

2013లో ఆస్ట్రేలియా నగరం మెల్‌బోర్న్‌లో రెండు స్టూడియోలు క్రికెట్ గేమ్‌లు తయారుచేస్తున్నాయి. ఒకటి ట్రిక్‌స్టార్ గేమ్స్. దాని ‘యాషెస్ క్రికెట్ 2013’కు ఇంగ్లండ్, ఆస్ట్రేలియా బోర్డుల అధికారిక లైసెన్సు ఉంది. అసలు పేర్లు, అసలు జెర్సీలు, అసలు చిహ్నాలు అన్నీ ఉన్నాయి. ఆట సరిగా నడవలేదు. నవంబరులో కంప్యూటర్ మీద విడుదలైన కొద్ది రోజులకే ప్రచురణ సంస్థ 505 గేమ్స్ దాన్ని అమ్మకం నుంచి తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కిచ్చి, మొత్తం ప్రాజెక్టునే రద్దు చేసింది.

రెండోది బిగ్ యాంట్ స్టూడియోస్. రాస్ సైమన్స్ 2001లో పెట్టిన ఈ స్టూడియో అప్పటికి స్వతంత్ర సంస్థ. దాని దగ్గర జాతీయ జట్ల లైసెన్సులు లేవు. ఉన్నది బ్రాడ్‌మన్ పేరు ఒక్కటే. అందుకే ఆటకు ‘డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14’ అని పేరు పెట్టి, మిగతా ఖాళీని నింపే పని ఆడేవాళ్లకే అప్పగించింది. ‘క్రికెట్ అకాడమీ’ పేరుతో ఆటగాళ్లనూ జట్లనూ తయారుచేసే పనిముట్టును ఆట కంటే ముందే విడుదల చేసింది. ముఖం చెక్కుకోవచ్చు, నిలబడే తీరు ఎంచుకోవచ్చు, కుడిచేతివాటమో ఎడమచేతివాటమో చెప్పొచ్చు, ఒక్కో నైపుణ్యానికీ మార్కులు వేయొచ్చు, తయారైన జట్టును ఇతరులతో పంచుకోవచ్చు. 2014 ఏప్రిల్‌లో ఆట బయటికి వచ్చేసరికి దేశదేశాల జట్లు ఆడేవాళ్ల చేతుల మీదుగా సిద్ధంగా ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్న పేర్లున్న ఆట చరిత్రలో కలిసిపోతే, పేర్లు లేని ఆట నిలబడింది.

2016 చివర్లో వచ్చిన ‘డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 17’ ఇంకో అడుగు వేసింది. స్టేడియం కూడా మనమే కట్టుకోవచ్చు. మహిళా క్రీడాకారిణులను తయారుచేసుకోవచ్చు. ఈ రెండింటి విలువ బెజవాడ నుంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. బందరు రోడ్డు మీది ఇందిరాగాంధీ స్టేడియంలో పురుషుల అంతర్జాతీయ వన్డే ఒక్కటే జరిగింది. 2002 నవంబరు 24న వెస్టిండీస్‌తో సిరీస్‌లో ఏడో మ్యాచ్ అది. 135 పరుగుల తేడాతో ఓడిపోయి, సిరీస్‌ను 4-3తో పోగొట్టుకున్నాం. ఆ మ్యాచ్ చూసిన ఊరు ఆ తర్వాత ఇన్నేళ్లుగా మరో పురుషుల వన్డే చూడలేదు. ఏ పెద్ద కంపెనీ ఆ స్టేడియాన్ని గేమ్‌లో కడుతుంది? మరి ఊరికి కూతవేటు దూరంలోని మూలపాడు మైదానంలో 2016 నవంబరులో భారత, వెస్టిండీస్ మహిళా జట్లు వన్డేలు, టీ20లు ఆడాయి. కొండల పక్కన అంత అందమైన మైదానం గేమ్‌లోకి రావాలంటే మనలో ఎవరో ఒకరు కూర్చుని కట్టాల్సిందే. విజయవాడ అమ్మాయి సబ్బినేని మేఘన భారత జట్టుకు ఆడింది, 2024లో మహిళా ప్రీమియర్ లీగ్ గెలిచిన బెంగళూరు జట్టులో ఉంది. ఆమె పేరుతో తెరమీద బ్యాటింగ్ చేయాలనుకునే పాపకు, అమ్మాయి బొమ్మే లేని ఆట ఎందుకు?

బిగ్ యాంట్ ఇప్పుడు స్వతంత్రం కాదు. 2021 జనవరిలో ఫ్రాన్స్ సంస్థ నేకాన్ కొనుక్కుంది. కొత్త ఆటల్లో లైసెన్సు జట్లు పెరిగాయి. అయినా జట్లు తయారుచేసే అకాడమీని మాత్రం తీసేయలేదు. అది తీసేస్తే ఏం పోతుందో వాళ్లకు తెలుసు.

ఇంకా చిన్న స్థాయిలో చూడాలంటే ‘రెట్రో బౌల్’ ఉంది. బ్రిటన్ డెవలపర్ సైమన్ రీడ్‌కు చెందిన న్యూ స్టార్ గేమ్స్ సంస్థ 2020లో దాన్ని విడుదల చేసింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆట, పాతకాలపు చుక్కల బొమ్మలు. అసలు లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌తో అప్పట్లో ఏ ఒప్పందమూ లేదు, జట్లకు నగరాల పేర్లే. ఆట ఉచితం. కొద్దిపాటి సొమ్ము కడితే జట్ల పేర్లు, రంగులు మార్చుకునే సదుపాయం తెరుచుకుంటుంది. నాలుగేళ్లు తిరిగేసరికి 2024లో ఎన్‌ఎఫ్‌ఎల్ పేరుతోనే ఆ ఆటకు అధికారిక రూపం వచ్చింది. ముందు ఆట నిలబడింది, లైసెన్సు తర్వాత వచ్చింది.

పేరు ఎవరి సొత్తు

కంపెనీ పేరు రాస్తే తప్పు, ఆడేవాడు రాసుకుంటే తప్పు కాదా? ఈ ప్రశ్న మీద అమెరికాలో పెద్ద గొడవే నడిచింది. అక్కడి కాలేజీ జట్ల గేమ్‌లలో ఆటగాళ్ల పేర్లు ఉండేవి కావు. నంబరు, ఎత్తు, బరువు, ఒంటిరంగు, ఆడే తీరు అన్నీ అసలు మనిషివే. పేరు గడి మాత్రం ఖాళీ. ఆడేవాళ్లు అసలు పేర్లున్న ఫైలు తెచ్చుకుని నింపుకునేవాళ్లు. లాస్ ఏంజెలెస్ యూసీఎల్‌ఏ జట్టు మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఒబానన్ తన 31 నంబరుతో, తన పోలికలతో ఉన్న బొమ్మను ఒక గేమ్‌లో చూశాడు. తనకు పైసా రాలేదు. 2009లో కాలేజీ క్రీడల సంఘం మీద దావా వేశాడు. 2014లో కోర్టు తీర్పు ఆ సంఘానికి వ్యతిరేకంగా వచ్చింది. ఈఏ స్పోర్ట్స్ తన కాలేజీ ఫుట్‌బాల్ గేమ్‌ను 2013 తర్వాత ఆపేసింది. మళ్లీ వచ్చింది 2024 జులైలో, ఆటగాళ్లకు డబ్బు చెల్లించి. మధ్యలో పదకొండేళ్లు పాత ఆటలో ఏటా కొత్త జట్లు రాసుకుంటూ గడిపింది అభిమానులే.

ఒబానన్ పక్షం న్యాయమైనదే. మనిషి పోలికలు అమ్ముకుని, పేరొక్కటి దాచేసి, ఆ పేరు నింపే బాధ్యత కొన్నవాళ్ల మీదకు నెట్టడం ఎడిటింగ్ స్వేచ్ఛ అనిపించుకోదు. స్వతంత్ర డెవలపర్లలో ఎక్కువమంది చేసేది వేరు. వాళ్ల ఆటలో కల్పిత మనుషులే ఉంటారు. ఖాళీ గడి నిజంగా ఖాళీగానే ఉంటుంది. అందులో సచిన్ అని రాసుకుంటామా, మన మేనమామ పేరు రాసుకుంటామా అన్నది మన ఇష్టం. ఈ తేడాను డెవలపర్ గట్టిగా పట్టుకోవాలి.

మన దేశంలో 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఈ చర్చకు దగ్గరి మాట ఒకటి చెప్పింది. క్రికెటర్ల డిజిటల్ కార్డులు అమ్మే రారియో సంస్థ, స్ట్రైకర్ అనే యాప్ మీద, మొబైల్ ప్రీమియర్ లీగ్ సంస్థ మీద వేసిన కేసు అది. అందరికీ తెలిసిన ఆటగాళ్ల పేర్లు, గణాంకాలు ఫాంటసీ ఆటల్లో వాడితే హక్కుల ఉల్లంఘన కాదంటూ మధ్యంతర నిషేధం ఇవ్వడానికి కోర్టు నిరాకరించింది. అలాగని ఒకరి ముఖాన్ని అచ్చుగుద్ది గేమ్ అమ్ముకోవచ్చని దాని అర్థం కాదు. జట్ల లోగోల సంగతి మరీ వేరు, అవి ట్రేడ్‌మార్కులు. సొంత ఫోన్‌లో సొంత జట్టుకు పెట్టుకోవడం వేరు, అదే లోగోను లక్షమందికి పంచడం వేరు.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. ‘మీ జట్టు మీరే కట్టుకోండి’ అంటూ టీవీల్లో ఏళ్లతరబడి ఊదరగొట్టిన ప్రకటనలు ఈ కథనంలోకి రావు. అవి డబ్బు పెట్టి ఆడించే ఆటలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే పందెపు ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం తెచ్చింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. అక్కడ జట్టు కట్టేది గెలుపు సొమ్ము కోసం. ఇక్కడ జట్టు కట్టేది ఊరి కోసం.

తెరమీద బతికే జట్లు

తెలుగువాళ్లకు ఈ మీటతో ఇంకో అవసరం ఉంది. మన జట్లు నిలవవు. 2009 మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో డెక్కన్ ఛార్జర్స్ ఆరు పరుగుల తేడాతో బెంగళూరును ఓడించి ఐపీఎల్ గెలిచింది. మూడేళ్లకే, 2012 సెప్టెంబరులో, బోర్డు ఆ జట్టును రద్దు చేసింది. సన్‌రైజర్స్ వచ్చింది, 2016లో అదీ గెలిచింది, దాన్నీ ప్రేమించాం. కానీ రోహిత్, సైమండ్స్, గిబ్స్, మన విశాఖ వేణుగోపాలరావు కలిసి ఆడిన ఆ జట్టు ఇక ఏ అధికారిక గేమ్‌లోనూ ఉండే అవకాశం లేదు. ఆ జట్టును ఎవరైనా ఆడించాలంటే ఎడిట్ పేజీయే దిక్కు.

ఆంధ్ర ప్రీమియర్ లీగ్ 2022లో మొదలైనప్పుడు ఆరు జట్లలో బెజవాడ టైగర్స్ ఒకటి. 2025కు వచ్చేసరికి జట్లు ఏడయ్యాయి, పేర్లు మారిపోయాయి. విజయవాడ సన్‌షైనర్స్, అమరావతి రాయల్స్, భీమవరం బుల్స్, కాకినాడ కింగ్స్, తుంగభద్ర వారియర్స్ ఇలా. మూడేళ్లలో ఊరి జట్టు పేరే మారితే పిల్లలు దేన్ని గుర్తుపెట్టుకుంటారు? పెద్ద గేమ్ కంపెనీ ఏదీ ఈ లీగ్ వంక ఇంకా చూడలేదు. ఈ జట్లన్నింటినీ రాసిపెట్టి దాచే అవకాశం ఎడిట్ పేజీలోనే ఉంది.

ఇంకాస్త వెనక్కి వెళ్లండి. 1994 జనవరిలో సికింద్రాబాద్‌లో హైదరాబాద్ జట్టు ఆంధ్ర మీద 6 వికెట్లకు 944 పరుగులు చేసి డిక్లేర్ చేసింది. రంజీలో అంత స్కోరు ఇంకెవరూ చేయలేదు. అందులో 366 ఒక్కడివే, ఎం.వి. శ్రీధర్‌వి. ఆయన పుట్టింది విజయవాడలో. బెజవాడలో పుట్టిన మనిషి ఆంధ్ర బౌలర్లను అలా చితకబాదాడన్నది స్కోరు పుస్తకంలో ఉన్న నిజం. అదే శ్రీధర్‌ను ఆంధ్ర తరఫున ఓపెనింగ్‌కు దింపి, అవతలివైపు ఎం.ఎస్.కె. ప్రసాద్‌ను, మూడో స్థానంలో కాకినాడలో పుట్టిన హనుమ విహారిని, ఆ తర్వాత గుంటూరు అంబటి రాయుడిని, విశాఖ నితీశ్ కుమార్ రెడ్డిని పెట్టి ఆడిస్తే? కెప్టెన్‌గా, కుటుంబ మూలాలు మచిలీపట్నంలో ఉన్న సి.కె. నాయుడు. 1932లో లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టుకు నాయకుడు, 1953లో ఆంధ్ర రంజీలో అడుగుపెట్టినప్పుడూ నాయకుడు ఆయనే. వీళ్లందరినీ ఒకే చోట చూపే పాఠ్యపుస్తకం మనకు లేదు. ఒక పదిహేనేళ్ల కుర్రాడు ఈ జట్టు రాయాలంటే నాయుడు ఎప్పుడు పుట్టాడో, ఏ చేత్తో ఆడాడో, శ్రీధర్ సగటు ఎంతో వెతుక్కోవాలి. ఆ వెతుకులాటే నాకు ఈ మీటలో అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది.

జెర్సీ సంగతి చూడండి. లోగో గీసుకునే వీలున్న ఆటలో మన పిల్లలు ఇప్పటికీ పులి, సింహం, డేగ బొమ్మలే పెడుతున్నారు. పెడన కలంకారీ అంచు జెర్సీ చేతుల మీద ఎంత బాగుంటుంది! కొండపల్లి బొమ్మల ఎరుపు, పసుపు, పచ్చ రంగులు తెరమీద ఎంత మెరుస్తాయి! ప్రకాశం బ్యారేజీ తలుపుల వరస చాలు, చిహ్నానికి.

ఇంటిపేరు ముందు, ఒత్తు కింద

ఇక తెలుగువాడు ఈ గడుల ముందు కూర్చున్నప్పుడు వచ్చే చిక్కులు. చాలా ఆటలు రెండు గడులు ఇస్తాయి, మొదటి పేరు, చివరి పేరు. స్కోరుబోర్డు మీద పడేది చివరిది. మనకు ఇంటిపేరు ముందుంటుంది, పిలిచే పేరు వెనక ఉంటుంది, ఆ వెనక మళ్లీ రెడ్డో, రావో, చౌదరో, నాయుడో తోకగా ఉంటుంది. కోన శ్రీకర్ భరత్ అదృష్టవంతుడు, చివర ఉన్నది పిలుపు పేరే. కాకి నితీశ్ కుమార్ రెడ్డి బౌండరీ కొడితే స్కోరుబోర్డు ‘రెడ్డి’ అంటుంది. కృష్ణా జిల్లా జట్టు కట్టి చూడండి, స్కోరు కార్డులో ముగ్గురు రావులు, ఇద్దరు ప్రసాదులు. ఎవరు అవుటయ్యారో రాసినవాడికే అర్థం కాదు. దీనికి పరిష్కారం కష్టమేం కాదు, స్కోరుబోర్డు మీద ఏం కనిపించాలో రాసుకునే మూడో గడి ఒకటి ఇస్తే సరిపోతుంది. ఎం.వి. శ్రీధర్, కె.ఎస్. భరత్ అని మనం పిలుచుకున్నట్టే కనిపిస్తారు.

లిపి సంగతి ఇంతకంటే కష్టం. గేమ్‌లో ‘శ్రీకాంత్’ అని తెలుగులో రాయాలనుకోండి. కంటికి కనిపించేవి మూడు అక్షరాలు, శ్రీ, కాం, త్. కంప్యూటర్ లెక్కలో తొమ్మిది. శ, పొల్లు, ర, దీర్ఘం, క, మళ్లీ దీర్ఘం, సున్నా, త, పొల్లు విడివిడిగా నిల్వ అవుతాయి. మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 27 బైట్లు. పేరుకు పన్నెండు అక్షరాలే అని హద్దు పెట్టిన ఆటలో వెంకటేశ్వర్లు చివర్లో తెగిపోతాడు. అది దాటినా, ఆ తొమ్మిదింటినీ కలిపి ఒత్తులు, గుణింతాలు సరిగా పేర్చే పని ఒకటుంటుంది. చిన్న డెవలపర్లు ఎక్కువగా వాడే యూనిటీ ఇంజిన్‌లోని టెక్స్ట్‌మెష్ ప్రో ఆ పని సొంతంగా చేయదు. ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి, చదివేవాడికి పేరు ముక్కలుగా కనిపిస్తుంది. 2023లో వచ్చిన గోడో 4 ఇంజిన్ ఈ పేర్పును సరిగా చేస్తుంది, పైగా అది అందరికీ ఉచితం. కాబట్టి తెలుగులో పేరు రాసుకునే క్రీడా గేమ్‌కు ఇప్పుడు సాంకేతిక అడ్డంకి పెద్దగా లేదు. అడిగేవాళ్లు లేక ఆగింది.

వ్యాఖ్యానం విషయంలో నాకు అంత ఆశ లేదు. గేమ్‌లలో కామెంటరీ ముందే రికార్డు చేసిన ముక్కల కూర్పు. ఆ జాబితాలో లేని పేరును కామెంటేటర్ పలకలేడు. ‘బ్యాటర్’ అనో, నంబరు చెప్పో దాటేస్తాడు. సొంత గొంతుతో పేరు రికార్డు చేసుకునే వీలు ఇస్తే ఎంతో బాగుంటుంది.

హైదరాబాద్ దారి, చెన్నై దారి

మన గడ్డమీద తయారైన ఆటలు కూడా ఉన్నాయి. కశ్యప్ రెడ్డి, కీర్తి సింగ్ హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ‘హిట్‌వికెట్’ 2020లో కేంద్ర ప్రభుత్వం నిర్వహించిన ఆత్మనిర్భర్ భారత్ యాప్ పోటీలో గేమ్‌ల విభాగంలో మొదటి బహుమతి గెలిచింది. అందులో మనం జట్టు యజమాని. పేరు మనమే పెట్టుకుంటాం, ఆటగాళ్లను వేలంలో తెచ్చుకుంటాం, తర్ఫీదు ఇస్తాం, వ్యూహం పన్నుతాం. కానీ ఎవరి సత్తా ఎంతో మనం రాసుకోలేం, సంపాదించుకోవాలి. అవతల ఉన్నది మరో మనిషి గనక అలా ఉండటమే న్యాయం. అందరూ తమ జట్టు నిండా తొంభైతొమ్మిది మార్కులవాళ్లనే పెట్టుకుంటే ఆట ఎక్కడుంటుంది?

చెన్నైలోని నెక్స్ట్‌వేవ్ మల్టీమీడియా 2015లో తెచ్చిన ‘వరల్డ్ క్రికెట్ ఛాంపియన్‌షిప్ 2’ వేరే దారి పట్టింది. అందులో పదకొండుమంది పేర్లూ, వాళ్ల బాధ్యతలూ మనమే మార్చుకోవచ్చు. తక్కువ ధర ఫోన్‌లో కూడా నడుస్తుంది. మన ఊళ్లలో క్రికెట్ గేమ్ అంటే ఎక్కువమందికి తెలిసింది ఇలాంటి ఫోన్ ఆటే. మెల్‌బోర్న్ ఆట ఆడాలంటే ఖరీదైన కంప్యూటరో, కన్సోలో కావాలి.

ఈ రెండు దారులూ ఒకే ఆటలో ఉండొచ్చు. ఒంటరిగా ఆడుకునేటప్పుడు ఎడిటింగ్‌కు ఏ హద్దూ వద్దు. ఎదుటి మనిషితో ఆడేటప్పుడు పేరు, రంగు, చిహ్నం మనవి, మార్కులు మాత్రం ఆట లెక్క ప్రకారం. ఈ గీత స్పష్టంగా గీస్తే ఎవరికీ అన్యాయం జరగదు.

దాచకూడని ఇబ్బంది మరొకటి ఉంది. ఖాళీ గడి ఇస్తే మనవాళ్లు అందులో ఊరి పేరే రాస్తారన్న భరోసా లేదు. కులం పేరు రాస్తారు. పార్టీ రంగులు వేస్తారు. ఒక సినిమా హీరో అభిమానులు ఇంకో హీరోను తిడుతూ జట్టు పేరు పెడతారు. విజయవాడ తెలిసినవాళ్లు దీన్ని కాదనలేరు. ఇంగ్లిష్ బూతులు పట్టే జల్లెడలు ఆటల్లో ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు తిట్టు వాటికి చిక్కదు. జట్లను పంచుకునే వీలు పెట్టే డెవలపర్ తెలుగు తెలిసిన మనిషిని కాపలా పెట్టాల్సిందే. అది ఖర్చే. కానీ అది చేయకపోతే ఆ పేజీ పిల్లలకు ఇవ్వదగ్గది కాదు, గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు అడగాల్సినవి అడుగుతాను. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ గదిలోనో క్రీడా గేమ్ తయారుచేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎడిట్ పేజీని చివరికి వదిలేయకండి, దానితోనే మొదలుపెట్టండి. తెలుగు అక్షరం నిలబడేలా చేయండి. అమ్మాయిల జట్టుకు చోటివ్వండి. రాసుకున్న జట్టును చిన్న ఫైలుగా దాచుకుని, వాట్సాప్‌లో పంపుకునే వీలు కల్పించండి. కబడ్డీకి, వాలీబాల్‌కు కూడా ఇలాంటి ఆటలు చేయండి, డెల్టా పల్లెల్లో ఆ జట్లకు కొదవ లేదు. ఆంధ్ర క్రికెట్ సంఘం పెద్దలకూ ఒక విన్నపం. ఆంధ్ర ప్రీమియర్ లీగ్ జట్ల పేర్లు, జెర్సీ రంగులు, ఆటగాళ్ల వివరాలు ఏటా ఒక ఫైలుగా అందరికీ ఇవ్వండి, చిన్న డెవలపర్లు వాడుకునేలా అనుమతి రాసివ్వండి. దానికి రూపాయి ఖర్చు కాదు, ఒక్క సంతకం చాలు.

పాఠకులారా, మీ ఇంట్లో కృష్ణా, గుంటూరు జిల్లాల పాత మ్యాచ్‌ల స్కోరు పుస్తకాలు అటకమీద ఉంటే ఈ వేసవిలో దించండి. ఎవరు ఏ స్థానంలో ఆడారో, ఏ చేత్తో బౌలింగ్ వేశారో గుర్తున్న పెద్దవాళ్లు ఉండగానే మీ పిల్లల చేత రాయించండి. ఎడిట్ పేజీలో పదకొండు గడులు ఖాళీగా ఉన్నాయి.